దేవుడున్నాడని తర్కంతో వాదించాలంటే

ఇది భక్తి పెంచే వ్యాసం కాదు, తగ్గించేదీ కాదు. దేవుడున్నాడని ఎవరైనా కారణాలు చూపించి వాదిస్తే, ఆ కారణాలు ఎంతవరకు నిలుస్తాయో, ఎక్కడ తడబడతాయో మీకు మీరే చూసుకునే పద్ధతి ఒకటి చెప్తాను. నేను డిగ్రీ కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైనదాన్ని. విజయవాడలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం సాయంత్రాలు కూర్చుని తర్కశాస్త్రం చదువుకుంటాం. సీఏ చదివే అమ్మాయి ఒకతి వస్తుంది. రైల్వేలో చేసి రిటైరైన హేతువాది ఒకాయన వస్తారు, పటమటలో గోరాగారి నాస్తిక కేంద్రం సభలకు కుర్రతనం నుంచీ వెళ్ళినాయన. మా తోడికోడలు కూడా వస్తుంది, ఆవిడకు దేవుణ్ణి నిరూపించాల్సిన అవసరమే కనబడదు. ఈ ముగ్గురి దగ్గరా పనిచేసిన పద్ధతి కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ముందు ఒకే ఒక్క వాదం

దేవుడి మీద వాదాలకు కొరత లేదు. ఫోన్ తెరిస్తే దేవుణ్ణి తర్కంతో నిరూపించబోయిన అన్సెల్మ్, అక్వినాస్, గజాలీ, పేలీ గారి గడియారం అన్నీ వరసగా వచ్చిపడతాయి. ఒకటి ఓడిపోతుందనగానే ఇంకోదానిలోకి దూకడం అందరికీ అలవాటు. అలా దూకితే వాదన గంటలు నడుస్తుంది గానీ తేలేది ఏమీ ఉండదు. అందుకని ఒక్కదాన్ని ఎంచుకుని, అది తేలేదాకా రెండోదాని జోలికి పోకండి.

నేను ఎంచుకునేది ఉదయనుడి వాదం. ఈయన న్యాయం అనే తర్కశాస్త్ర సంప్రదాయానికి చెందిన మిథిల పండితుడు. తన లక్షణావళిలో శక సంవత్సరం 906 అని రాసుకున్నాడని సాధారణంగా చెప్తారు, అంటే క్రీ.శ. 984; ఈ లెక్క మీద పండితుల్లో కొంత పేచీ ఉంది. ఈయన న్యాయకుసుమాంజలిలో ఐదు గుత్తులున్నాయి, స్తబకాలంటారు. దేవుడున్నాడని సాధించే హేతువుల శ్లోకం ఐదో గుత్తి మొదట్లో గానీ రాదు. అంతకుముందు నాలుగింట్లోనూ ఆయన చేసిన పని ప్రత్యర్థుల అభ్యంతరాలకు జవాబు చెప్పడం. పుస్తకంలో ఎక్కువ భాగం ఎదుటివాడి మాట వినడానికే పోయింది. మనం సాధారణంగా దీన్ని తలకిందులు చేస్తాం.

ఈ వాదాన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. దీని మీద బౌద్ధులు, మీమాంసకులు, వేదాంతులు వందల ఏళ్ళు కొట్టుకున్నారు. మీకు తట్టే ప్రతి సందేహమూ ఎవరో ఒక మహానుభావుడికి ముందే తట్టింది, దానికి జవాబూ రాసి ఉంది, ఆ జవాబుకు ఖండనా రాసి ఉంది. ఉదయనుడు పూరీ వెళ్తే గుడి తలుపులు మూసి ఉన్నాయనీ, "ఐశ్వర్యమదంతో నన్ను లెక్కచెయ్యడం లేదు గానీ, బౌద్ధులు వచ్చినప్పుడు నీ ఉనికి నా చేతిలోనే ఉంది" అని జగన్నాథుణ్ణే దబాయించాడనీ ఒక కథ చెప్తారు. కథ బాగుంటుంది. ఎక్కడ చెప్పినా జనం నవ్వుతారు. అయితే అది వాదం కాదు కాబట్టి అక్కడే వదిలేద్దాం.

అన్నంభట్టు దగ్గర మొదలుపెట్టండి

నేరుగా కుసుమాంజలి తెరిస్తే తలనొప్పి తప్ప ఏమీ రాదు. ముందు తర్కసంగ్రహం చదవండి. రాసినాయన 17వ శతాబ్దపు తెలుగువాడు, అన్నంభట్టు. "కాశీగమనమాత్రేణ నాన్నంభట్టాయతే ద్విజః" అని పాత మాట, కాశీకి పోయొచ్చినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు అయిపోడని. చిన్న పుస్తకం. దానికి ఆయనే దీపిక అని వ్యాఖ్య రాసుకున్నాడు. మనకు కావలసిన ఈశ్వర వాదం ఆ దీపికలోనే రెండు ముక్కల్లో ఉంది: "క్షిత్యంకురాదికం కర్తృజన్యం, కార్యత్వాత్, ఘటవత్." నేల, మొలక లాంటివి ఒక కర్త వల్ల పుట్టాయి, అవి కార్యాలు కనుక, కుండలాగా.

దీన్ని కాగితం మీద ఐదు వాక్యాలుగా రాయండి. కాగితం మీదే రాయాలి. నోటితో చెప్తే ఏదో ఒకటి జారిపోతుంది. అయితే ఈశ్వరుడి కంటే ముందు కొండ మీద నిప్పు రాయండి. కొండ మీద నిప్పుంది. పొగ ఉంది కనుక. ఎక్కడెక్కడ పొగ ఉంటుందో అక్కడక్కడ నిప్పుంటుంది, వంటింట్లో లాగా. ఈ కొండా అలాంటిదే. కాబట్టి దీని మీద నిప్పుంది. ఈ ఐదు వాక్యాల పేర్లు వరసగా ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం.

ఇక్కడ మా సీఏ అమ్మాయి చెయ్యెత్తింది. "ఆంటీ, మా వంటింట్లో పొగే రాదు. ఇండక్షన్ స్టవ్ కదా. ఉదాహరణ పోయినట్టేనా?" పోలేదు. పొగ ఉన్నచోట నిప్పుండాలన్నదే నియమం, వంటింట్లో పొగ ఉండి తీరాలని కాదు. పొగే రాని వంటిల్లు ఈ నియమానికి అనుకూలమూ కాదు, ప్రతికూలమూ కాదు. పొగ ఉండి నిప్పు లేని చోటు ఒక్కటి చూపిస్తేనే నియమం చెడుతుంది. ఈ ఒక్క తేడా ఒంటబడితే సగం చదువు అయిపోయినట్టే, ఎందుకంటే దేవుడి మీద జరిగే గొడవల్లో చాలావరకు నియమాన్ని వెనక్కి తిప్పి చదవడం వల్ల వచ్చేవే.

ఇప్పుడు రెండోది రాయండి. మొలకకు కర్త ఉన్నాడు. అది కార్యం కనుక. ఏది కార్యమో దానికి కర్త ఉంటాడు, కుండకు కుమ్మరిలాగా. మొలకా అలాంటి కార్యమే. కాబట్టి దానికి కర్త ఉన్నాడు.

రాశాక మాటల అర్థం కట్టుదిట్టం చేసుకోవాలి. కార్యం అంటే ఏమిటి? ఒకప్పుడు లేకుండా ఉండి తర్వాత వచ్చినది. మొలక సంగతి సరే, కొండ కార్యమని ఎలా తెలుసు? దానికి భాగాలున్నాయి కనుక, భాగాలున్నవన్నీ ఆ భాగాలు కలిస్తే వచ్చినవే కనుక అంటారు నైయాయికులు, అంటే ఉదయనుడి సంప్రదాయం వాళ్ళు. ఇంద్రకీలాద్రినైనా సరే పగలగొడితే రాళ్ళవుతుంది, రాళ్ళను పగలగొడితే గులకలవుతాయి, ఆ లెక్కన. కర్త అంటే ఎవరు? దీపిక స్పష్టంగా చెప్తుంది: ముడిసరుకు గురించి ప్రత్యక్ష జ్ఞానం, చెయ్యాలన్న కోరిక, ప్రయత్నం, ఈ మూడూ ఉన్నవాడు. కుమ్మరికి మట్టి తెలుసు, కుండ చెయ్యాలనుకున్నాడు, సారె తిప్పాడు.

ఈ నిర్వచనం చిన్నదేం కాదు. ప్రపంచానికి ముడిసరుకు పరమాణువులని వాళ్ళ మతం. వాటిని ప్రత్యక్షంగా ఎరిగినవాడే ప్రపంచానికి కర్త కాగలడు. మనకు పరమాణువులు కనబడవు, కాబట్టి ఆ కర్త మనలాంటివాడు కాదు. సర్వజ్ఞత్వం ఇక్కడి నుంచి వచ్చిందే తప్ప స్తోత్రంలోంచి తెచ్చి అంటించింది కాదు.

ఒక జాగ్రత్త. ఈ వాదంలో దేవుడు శూన్యంలోంచి ఏదీ పుట్టించడు. పరమాణువులు, ఆకాశం, కాలం, జీవాత్మలు ఆయనలాగే నిత్యం. గజాలీ వాదం వేరు, అది మొత్తం విశ్వానికి ఆరంభం ఉందని చెప్పి దాని మీద నడుస్తుంది. మనవాళ్ళ వాదం నిన్న సాయంత్రం కుండీలో వేసిన మెంతుల మొలకతో కూడా నడుస్తుంది. బిగ్ బ్యాంగ్ తెచ్చి దీనికి జోడించేవాళ్ళు రెండు వాదాలనూ చెడగొడుతున్నారు.

తప్పు వెతకడం

వాదం రాసుకున్నాక దాన్ని పడగొట్టే పని కూడా మీరే చెయ్యాలి. అన్నంభట్టు ఐదు హేత్వాభాసాలు, అంటే హేతువులా కనబడే తప్పుడు కారణాలు, చెప్తాడు: సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం. అన్నీ ఇక్కడ వివరించను, పుస్తకంలో ఉన్నాయి. దేవుడి వాదం మీద వచ్చే ముఖ్యమైన అభ్యంతరాలు మాత్రం మూడు చూద్దాం.

మొదటిది అందరికీ తట్టేదే. మా రైల్వే ఆయన మొదటి రోజే అడిగారు. "మేడంగారూ, మొలకను ఎవరూ చెయ్యడం నేను చూళ్ళేదు. కార్యమే, కర్త లేడు. మీ నియమం అక్కడే చెడిందిగా?" దీనికి జవాబు: మొలకకు కర్త ఉన్నాడా లేడా అన్నదే ఇప్పుడు తేలాల్సిన విషయం. తేలాల్సినదాన్నే తేలిపోయిన ఉదాహరణగా చూపించకూడదు. అదే ఒప్పుకుంటే కొండ మీద నిప్పు కూడా కనబడలేదు కాబట్టి, పొగకూ నిప్పుకూ ఉన్న నియమం ఆ కొండ మీదే చెడిందనొచ్చు. ఇక ఏ అనుమానమూ నడవదు. తర్కంలో అనుమానం అంటే సందేహం కాదు, గుర్తును చూసి కనబడనిదాన్ని తేల్చుకోవడం.

కనబడలేదు కాబట్టి లేడు అన్నదానికి ఉదయనుడి జవాబు మూడో గుత్తిలో ఉంది, చదివితే నవ్వొస్తుంది. కనబడనిదంతా లేనిదే అయితే, కంటికి కనబడిందే నిజమనే చార్వాకుడు, పాపం, ఇల్లు దాటాక మళ్ళీ తిరిగి రాకూడదు. పెళ్ళాం పిల్లలు కనబడటం లేదు కాబట్టి లేరని తేల్చుకుని, గుండెలు బాదుకుంటూ ఏడవాలి. కనబడటానికి యోగ్యమైన వస్తువు కనబడకపోతేనే లేదని చెప్పాలి. గదిలో ఏనుగు లేదని చూసి చెప్పొచ్చు, పరమాణువు లేదని చూసి చెప్పలేం. రైల్వే ఆయన దీనికి తలూపారు గానీ, "ఇది లేడని చెప్పొద్దంటోంది, ఉన్నాడని చెప్పట్లేదు" అని గుర్తుచేశారు. ఆయన మాట సరైనదే.

రెండోది ఉపాధి. ఇది తర్కసంగ్రహంలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం, కాబట్టి కాస్త ఆగుతాను. నిప్పుంది కనుక పొగ ఉందని ఎవరైనా అన్నారనుకోండి. తప్పు, ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పుంది, పొగ లేదు. మరి చాలాచోట్ల నిప్పుతోపాటు పొగ ఎందుకు కనబడింది? మధ్యలో తడి కట్టె ఉంది. పొగ ఉన్నచోటల్లా తడి కట్టె ఉంది, నిప్పు ఉన్నచోటల్లా మాత్రం లేదు. ఇలా సాధ్యం, అంటే మనం నిరూపించదలచినది, ఉన్నచోటల్లా ఉంటూ, హేతువు ఉన్నచోటల్లా ఉండనిదాన్ని ఉపాధి అంటారు. అది దొరికిందంటే మీ హేతువు నిజంగా పనిచేయడం లేదు, దాని వెనక దాక్కున్న ఇంకోటి పనిచేస్తోంది. ఏ వాదం విన్నా ఈ ప్రశ్న వేసుకోండి: ఇందులో తడి కట్టె ఏది?

ఈశ్వర వాదంలో తడి కట్టె శరీరం అన్నారు ప్రత్యర్థులు. కర్త ఉన్న వస్తువులన్నీ మనం చూసినంతవరకు ఒంట్లో ప్రాణమున్న మనిషో మరొకరో చేసినవే. కుండ అలాంటిది, బట్ట అలాంటిది, కొండపల్లి బొమ్మ అలాంటిది. కార్యాలన్నీ మాత్రం అలాంటివి కావు, మొలక అలా పుట్టలేదు. అంటే కర్త ఉండటమన్నది కార్యం కావడం వల్ల కాదు, శరీరంతో చెయ్యబడటం వల్ల వచ్చింది. దీన్నే ఎదురు అనుమానంగా కూడా పెట్టారు: మొలకకు కర్త లేడు, శరీరం వల్ల పుట్టలేదు కనుక, ఆకాశంలాగా.

ఎదురు అనుమానానికి నైయాయికుల జవాబు చాలా సూక్ష్మంగా ఉంటుంది. ఆకాశానికి కర్త ఎందుకు లేడు? అది అసలు పుట్టలేదు కనుక. పుట్టకపోవడం ఒక్కటే సరిపోతుంటే, శరీరం వల్ల పుట్టకపోవడం అని మధ్యలో శరీరాన్ని దూర్చడం దండగ. మొలక పుట్టిందే కాబట్టి ఆకాశం ఉదాహరణ దానికి అతకదు. ఇంకో మాట కూడా అంటారు. మనం చెయ్యి ఎత్తుతాం. ఆ చెయ్యి కదపడానికి మధ్యలో ఇంకో చెయ్యి అక్కర్లేదు, ఆత్మ ప్రయత్నమే నేరుగా కదిలిస్తుంది. ప్రయత్నం నేరుగా జడవస్తువును కదిలించడం రోజూ మన ఒంట్లోనే జరుగుతున్నప్పుడు, పరమాణువుల విషయంలో ఎందుకు కుదరదు?

నా మట్టుకు ఈ జవాబు ఎదురు అనుమానాన్ని ఓడిస్తుంది, సందేహాన్ని మాత్రం పూర్తిగా తీర్చదు. మన ప్రయత్నం మన శరీరాన్ని కదిలిస్తోంది, పక్కింటివాళ్ళ చేతిని కదిలించడం లేదు కదా. మీరు ఒప్పుకోనక్కర్లేదు. అయితే మీకు ఏ మెట్టు దగ్గర సందేహం మిగిలిందో కాగితం మీద గీత గీసి పెట్టుకోండి. తర్వాత ఆ గీత దగ్గరికి తిరిగి రావచ్చు.

పుట్ట దగ్గర ఆగండి

మూడోది, అన్నిటికంటే గట్టిదని నేననుకునేది, 7వ శతాబ్దపు బౌద్ధుడు ధర్మకీర్తి వేసిన దెబ్బ. ప్రమాణవార్తికంలో ఆయన అడిగేది ఇది. కుండ మట్టి మారిన రూపం, దాన్ని కుమ్మరి చేశాడు. పుట్ట కూడా మట్టి మారిన రూపమే. కాబట్టి పుట్టనూ కుమ్మరే చేశాడంటారా?

మాట ఒకటే అయినంత మాత్రాన వస్తువు ఒకటి కాదన్నది ఆయన వాదం. పొగ తెల్లగా ఉంటుందని చెప్పి ఏ తెల్లటి వస్తువును చూసినా నిప్పుందని ఊహించలేం కదా అంటాడు. ఇప్పటివాళ్ళకు ఈ ఉదాహరణ ఇంకా బాగా తెలుసు. పెళ్ళి స్టేజీ మీద పెళ్ళికూతురు నడిచొస్తుంటే డ్రై ఐస్‌తో తెల్లటి పొగ వదులుతారు. దాన్ని చూసి నిప్పుందని ఎవరూ బకెట్లతో పరిగెత్తరు. పొగ అనే మాట వాడినా అది ఆ పొగ కాదు. కుండ దగ్గర మనం కుమ్మరిని ఊహించేది అది "కార్యం" అయినందుకా, లేక అలాంటి వస్తువులు కుమ్మరి చేతిలో తయారవడం ముందే చూసి ఉన్నందుకా? పాడుపడిన బావినీ గుడినీ చూసి, కట్టినవాణ్ణి చూడకపోయినా ఎవరో కట్టారంటాం. ఆ ఆకారం చూడగానే అలా అనిపిస్తుంది. కొండను చూస్తే ఎవరికీ అలా అనిపించదు. అనిపిస్తే వాదమే అక్కర్లేకపోయేది.

మా తోడికోడలు నాగులచవితికి పుట్టలో పాలు పోసేమనిషి. ఆవిడ అడిగింది, "పుట్టను చెదపురుగులు పెట్టాయి కదక్కా. కర్త ఉన్నట్టేగా?" నైయాయికుడికి పండగే అనిపించింది మొదట. పుట్టకూ కర్త ఉన్నాడు, నియమం నిలిచింది. కానీ కాసేపు ఆలోచిస్తే ఆ ప్రశ్న రెండో వైపు కోసేస్తుంది. పుట్ట పెట్టింది ఒక్క పురుగు కాదు, వేలాదిగా ఉంటాయి. ఏ పురుగుకూ పుట్ట మొత్తం ఎలా వస్తుందో తెలియదు. ముడిసరుకు తెలిసి, మొత్తం ఇలా చెయ్యాలనుకుని, ప్రయత్నించిన ఒక్కడు కర్త అని దీపిక ఇచ్చిన నిర్వచనం అక్కడ ఎవరికీ పట్టదు. కార్యం నుంచి కర్త వైపు వెళ్ళినా, వెళ్ళి చేరేది కుమ్మరి దగ్గరికో చెదల గుంపు దగ్గరికో ముందు తెలియదన్నమాట. ధర్మకీర్తి ఈ మాట అనలేదు, తోడికోడలు పుణ్యమా అని మాకు తట్టింది.

ఎంత రుజువైంది, ఎంత కాలేదు

ఈ లెక్క చాలామంది ఎగ్గొడతారు. వాదం గెలిచిందనుకున్నా సరే, గెలిచింది ఎంత? ఒక కర్త. ఒక్కడేనా? దయ ఉందా? మన మొర వింటాడా? వాదం చెప్పినంతే తీసుకోవాలి.

ఒక్కడే అని ఎందుకంటారని అడిగితే నైయాయికులు లాఘవం అంటారు. ఒకడు సరిపోయేచోట పదిమందిని కల్పించడం అనవసరమని. దీన్ని తిరగ్గొట్టింది నాస్తికుడు కాదు, రామానుజులవారు. బ్రహ్మసూత్రాల మీద రాసిన శ్రీభాష్యంలో "శాస్త్రయోనిత్వాత్" అన్న సూత్రం దగ్గర ఆయన అడిగేది: మేడలు, రథాలు లాంటి పెద్ద కార్యాలు చాలామంది కలిసి చేసినవే కదా, జగత్తును ఒక్కడే చేశాడని అనుమానంతో ఎలా తేలుస్తారు? మాకు ఇది చూపించడానికి ఊళ్ళోనే ప్రకాశం బ్యారేజీ ఉంది. 1957లో పూర్తయింది, దానికి ముందు అక్కడ 19వ శతాబ్దపు ఆనకట్ట ఉండేది. ఇంజనీర్లు, మేస్త్రీలు, కూలీలు, పాత కట్టడాన్ని చూసి నేర్చుకున్నవాళ్ళు, ఇంతమందిలో కర్త ఎవరని చెప్తాం? రామానుజులకు దేవుడి మీద సందేహం రవ్వంత కూడా లేదు. ఆయన్ని తెలిపేది శాస్త్రమే, అనుమానం కాదని ఆయన పట్టు. వాదాన్ని ఖండించినంత మాత్రాన మనిషి నాస్తికుడైపోడని చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మా తోడికోడలికి ఈ రోజు పాఠం బాగా నచ్చింది.

దయ సంగతి మీమాంసకుడు కుమారిలభట్టు అడిగాడు. ఎందుకు సృష్టించాడు? దయతోనా? సృష్టికి ముందు దయ చూపించాల్సిన జీవులు బాధపడుతూ లేరు. దయే కారణమైతే సుఖాన్ని మాత్రమే సృష్టించి ఉండేవాడు. దీనికి జవాబు జీవుల కర్మ: దేవుడు కర్మను చూసి ఫలమిస్తాడు గానీ పక్షపాతి కాడు, క్రూరుడు కాడు. బ్రహ్మసూత్రాల్లో "వైషమ్యనైర్ఘృణ్యే న" అన్నచోటా ఇదే దారి. ఈ జవాబు పనిచేస్తుంది, కాకపోతే కర్మ, పునర్జన్మ ముందే ఒప్పుకున్నవాడికే. అందుకే కుసుమాంజలి మొదటి గుత్తి దేవుడి గురించి కాక అదృష్టం గురించి, అంటే కంటికి కనబడని కర్మఫలం గురించి నడుస్తుంది. చాలామంది ఆ గుత్తి దాటేసి ఐదోదానికి వెళ్తారు. దాటెయ్యకండి.

మిగతా హేతువులు, త్వరగా

ఐదో గుత్తి మొదటి శ్లోకం "కార్యాయోజనధృత్యాదేః" అని మొదలవుతుంది. కార్యం అయింది. ఆయోజనం అంటే సృష్టి మొదట్లో పరమాణువులు కలవడానికి కావలసిన కదలిక. ధృతి అంటే లోకం పడిపోకుండా నిలవడం, గాలిలో పక్షి నిలిచినట్టు. గురుత్వాకర్షణ తెలిసిన మనకు ఇది అంతగా పట్టదు. పదం అంటే నేత, కుండలు చెయ్యడం లాంటి విద్యలను మొదట నేర్పినవాడు ఉండాలని. నాకు అన్నిట్లోకి బలహీనంగా కనబడేది ఇదే. మధ్యలో వేదం మీద ఆధారపడినవి కొన్నున్నాయి, వేదం ఒప్పుకోనివాడితో అవి ఎత్తకండి.

చివరిది సంఖ్యావిశేషం. ఇది పట్టుకుని ఒక సాయంత్రమంతా కూర్చోవచ్చు. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం. దాని పరిమాణం ఎక్కణ్ణుంచి వచ్చింది? పరమాణువుల పరిమాణం నుంచి రాలేదు, వస్తే ఇంకా చిన్నదై ఉండాలి. కాబట్టి "రెండు" అన్న సంఖ్య నుంచి వచ్చింది. కానీ న్యాయమతంలో రెండు, మూడు లాంటి సంఖ్యలు వస్తువుల్లో ఊరికే ఉండవు, "ఇదొకటి, ఇదొకటి" అని ఎవరో ఒకరు లెక్కపెట్టుకున్నప్పుడు పుడతాయి. సృష్టి మొదట్లో లెక్కపెట్టే మనుషులు లేరు. మరి ఎవరు లెక్కపెట్టారు? సీఏ అమ్మాయి దీనికి ముగ్ధురాలైపోయింది. దేవుడే మొదటి అకౌంటెంట్ అంది. ఈ వాదం నిలవాలంటే న్యాయానికి జంటగా నడిచే వైశేషిక శాఖవాళ్ళ అణుసిద్ధాంతం, సంఖ్యాసిద్ధాంతం రెండూ ఒప్పుకోవాలి, ఈ కాలంలో ఎవరూ ఒప్పుకోరు. అయినా ఆ తెగువ చూడండి, గణితంలోంచి దేవుడి దగ్గరికి!

అన్సెల్మ్ వాదాన్ని ఇదే కాగితం మీద ఐదు వాక్యాల్లో పెట్టబోతే మూడో వాక్యం దగ్గర ఆగిపోతాం. "అంతకంటే గొప్పది ఊహించలేనిది" అన్నదానికి కుండలాంటి ఉదాహరణ దొరకదు. గౌనిలో అనే సన్యాసి ఆనాడే అడిగాడు, అంతకంటే గొప్పది ఊహించలేని ద్వీపం కూడా ఉండాలా మరి అని. ఆ వాదం సంగతి ఇంకోసారి.

కూర్చుని వాదించేటప్పుడు

న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా చెప్తాయి. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాణ్ణి కొట్టడానికే చేసేది వితండ. మొదలుపెట్టే ముందు ఏది చేస్తున్నామో ఒప్పుకోండి. టీవీ చర్చలు చూసి అలవాటైనవాళ్ళకు మొదటిది కాస్త చప్పగా ఉంటుంది, ఫరవాలేదు.

మా దగ్గర గట్టిగా పాటించే నియమం ఒకటుంది. ఎదుటివాళ్ళ వాదాన్ని మీరు చెప్పి, "అవును, నేనన్నది ఇదే" అని వాళ్ళచేత అనిపించుకున్నాకే ఖండించాలి. పూర్వపక్షం అంటే అదే. వాళ్ళు తల అడ్డంగా ఊపితే మళ్ళీ చెప్పాలి. ఈ ఒక్కదానితో గొంతులు సగం తగ్గుతాయి.

సందేహానికీ ఒక హద్దు పెట్టుకోవాలి. "కార్యానికి కర్త ఉండకపోవచ్చేమో" అని ఎంతవరకైనా సందేహించవచ్చు కదా అంటే, ఉదయనుడు "వ్యాఘాతావధిరాశంకా" అన్నాడు. నీ పనికీ నీ సందేహానికీ పొసగనప్పుడు సందేహం ఆగాలి. పొగ కావలసి నిప్పు రాజేసేవాడు, పొగకు నిప్పు కారణం కాదేమో అని నోటితో అంటే అది సందేహం కాదు. తర్వాత అద్వైతి శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో అదే శ్లోకాన్ని నాలుగు అక్షరాలు తిప్పి ఉదయనుడి మీదకే విసిరాడు. సంస్కృతం వచ్చినవాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, పండగలా ఉంటుంది.

ఎదుటివాడు ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలని అడుగుతుంటారు. ఉదయనుడు ఈ చర్చనే ఉపాసన అన్నాడు, విన్న తర్వాత చేసే మననం అని. పుస్తకం చివర, ఇంత తర్కజలంతో కడిగినా ఎవరి హృదయంలో నువ్వు చోటు చేసుకోలేదో వాళ్ళవి రాతి గుండెలే అని ముందు విసుక్కుంటాడు. వెంటనే, వ్యతిరేకంగానైనా నిన్ను అంత గట్టిగా చింతిస్తున్నవాళ్ళు కదా, దయామయా, సమయం వచ్చినప్పుడు వాళ్ళనూ నువ్వే కనిపెట్టుకో అంటాడు. రైల్వే ఆయనకు ఇది చదివి వినిపిస్తే, "రాతి గుండె అన్నమాట వెనక్కి తీసుకోమనండి, రెండోది ఉంచుకుంటాను" అన్నారు.

ఇంతవరకు వచ్చాక పక్షాలు మార్చుకోండి. మేం అదే చేస్తున్నాం. రైల్వే ఆయన ఉదయనుడి వైపు కూర్చుని పుట్టకు జవాబు వెతుకుతున్నారు. నాకు విక్రమశిల బౌద్ధుడు రత్నకీర్తి వచ్చాడు. 11వ శతాబ్దంలో ఆయన ఈశ్వరసాధనదూషణం అని ఈ వాదం ఒక్కదాని మీదే ఒక గ్రంథం రాశాడు. అది కుసుమాంజలి కంటే కష్టం. తర్కసంగ్రహంలో వ్యాప్తి, అంటే పొగ ఉన్నచోట నిప్పుంటుందన్నలాంటి నియమం, చెప్పే ప్రకరణం మళ్ళీ ఒకసారి చదువుకుని గానీ అందులో దిగకండి.